అమ్మకు పన్నెండు మార్కులు

పోయిన నెల ఈ శీర్షికలో వాస్క్యులైటిస్ గురించి పది వాక్యాలు రాశాను. మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి రక్తనాళాల గోడల మీద పడుతుంది. ఆ గోడలు వాస్తాయి, దారి సన్నబడుతుంది, ఒక్కోసారి నాళం చిట్లుతుంది. క్లుప్తంగా జబ్బు అదీ. అంత అరుదైన జబ్బు మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మోకాళ్ల నొప్పులకు కూడా ఇన్ని రావు. జయనగర్‌లో మా క్లినిక్ బల్ల మీద పేర్చి చూస్తే సగానికి పైగా బెంగళూరులో ఉంటున్న మనవాళ్లవే. ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి మారతహళ్లిలో మా దగ్గరే ఉంటోంది. షుగర్ ఉంది. ఆరు నెలలుగా ముక్కులో పక్కులు కడుతున్నాయి, చీదితే రక్తం పడుతోంది. ఎడమ చెవి సరిగా వినపడదు. సైనస్‌లు నిండిపోయాయని, ఊపిరితిత్తిలో ఒక గడ్డలాంటి మచ్చ ఉందని స్కాన్‌లో వచ్చింది. సీ-ఆంకా అనే రక్త పరీక్ష పాజిటివ్. జీపీఏ అనే వాస్క్యులైటిస్‌కు 2022లో ఇచ్చిన మార్కుల పట్టిక నెట్‌లో చూసి లెక్క వేశాను. 5 వస్తే చాలట, అమ్మకు 12 వచ్చాయి. అయినా డాక్టర్ గారు మందు మొదలుపెట్టకుండా కఫం పరీక్ష, బయాప్సీ అంటున్నారు. బిల్లు పెంచడానికేనా?

జవాబు: మీ కూడిక తప్పు కాదు బాబూ. నేనూ వేసి చూశాను. ముక్కుకు 3, చెవికి 1, సైనస్‌కు 1, ఊపిరితిత్తిలో గడ్డకు 2, సీ-ఆంకాకు 5. పన్నెండే. తేడా ఎక్కడుందంటే, ఆ పట్టికను అడగాల్సిన ప్రశ్న ఒకటి, మీరు అడిగింది ఇంకొకటి.

మాది మదనపల్లె. చిన్నప్పుడు మా మామయ్యతో టమాటా మండీకి వెళ్లేదాన్ని. అక్కడ గ్రేడింగ్ చేసేవాళ్ల చెయ్యి చూడాలి, కాయ తాకీ తాకకముందే మొదటి రకం, రెండో రకం అని గంపల్లో పడిపోతుంటాయి. ఒకరోజు ఎవరో ఆకతాయి పిల్లవాడు రాశిలో ఎర్రగా పండిన దానిమ్మ పడేశాడు. అది కూడా మొదటి రకం గంపలోకే పోయింది. గ్రేడింగ్ చేసే మనిషి తప్పు కాదది. వచ్చిందంతా టమాటాయే అన్న నమ్మకం మీద నడిచే పని.

మీరు చూసిన పట్టికా అలాంటిదే. దాన్ని డాక్టర్లు వర్గీకరణ పట్టిక అంటారు, రోగనిర్ధారణ పట్టిక అనరు. డీసీవాస్ అనే పెద్ద పరిశోధనలోంచి అది వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రషీద్ లుక్మానీ, అమెరికాలో పీటర్ మెర్కెల్, ఇంగ్లండ్‌లోనే రిచర్డ్ వాట్స్ దాన్ని నడిపించారు. 2011 నుంచి 2017 దాకా 32 దేశాల్లో, 136 కేంద్రాల్లో 6,991 మందిని చేర్చుకున్నారు. మన దేశపు ఆస్పత్రులూ అందులో ఉన్నాయి. ఒక్కొక్కరి వివరాలనూ నిపుణులు కూర్చుని చదివి, ఇది ఫలానా జబ్బు అని ముందు తేల్చారు. ఆ తర్వాతే ఏ లక్షణానికి ఎన్ని మార్కులు ఇస్తే ఒక వాస్క్యులైటిస్ ఇంకోదాంట్లో కలవకుండా విడిపోతుందో లెక్క కట్టారు. జీపీఏ పట్టికను మళ్లీ వేరే రోగుల మీద పెట్టి చూస్తే, జీపీఏ ఉన్నవాళ్లలో 93 శాతాన్ని అది పట్టుకుంది, లేనివాళ్లలో 94 శాతాన్ని సరిగ్గా పక్కన పెట్టింది. మంచి అంకెలే. అయితే ఆ లేనివాళ్లు ఎవరనుకున్నారు? వేరే రకం వాస్క్యులైటిస్ ఉన్నవాళ్లు. టీబీ రోగులతోనో, ఫంగస్ పట్టిన సైనస్‌లతోనో పోల్చి కట్టిన లెక్క కాదది. అందుకే పట్టిక పైన ఒక షరతు రాసి ఉంటుంది: వాస్క్యులైటిస్ అని నిర్ధారణ అయి, దానిలా కనిపించే ఇతర జబ్బులు లేవని తేలాకే వాడాలి అని. నెట్‌లో లెక్కలు వేసిపెట్టే పేజీల్లో అంకెలు పెద్దగా ఉంటాయి, ఈ వాక్యం చిన్నగా ఉంటుంది. మీ కంటికి ఆనకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మన దేశంలో ఆ పోలికలు మామూలువి కావు. ఊపిరితిత్తిలో గడ్డ, బరువు తగ్గడం, జ్వరం, ముక్కులో పుండు, వీటన్నిటికీ మనకు ముందు గుర్తురావలసింది టీబీ. టీబీ రోగుల్లో ఆంకా పాజిటివ్ రావడం కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు సైనస్‌లు నిండాయంటే ఫంగస్ సంగతి చూడాలి. కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ ఏం చేసిందో ఎవరూ మరిచిపోలేదు కదా. జీపీఏకు ఇచ్చేది రక్షణ వ్యవస్థను అణచే మందులు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్, దానికి తోడు సైక్లోఫాస్ఫమైడో రిటుక్సిమాబో. అక్కడున్నది టీబీ అయితేనో ఫంగస్ అయితేనో, ఈ మందులతో దానికి మనమే ఎర్ర తివాచీ పరిచినట్టు. మీ డాక్టర్ గారు కఫం పరీక్ష అడిగింది అందుకే.

ఇక ఆంకా. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అని ఉంటాయి, వాటి లోపలి సరుకు మీద మన ఒళ్లే తయారుచేసుకున్న యాంటీబాడీ ఇది. 1982లో ఆస్ట్రేలియాలో కిడ్నీ రోగులు కొందరిలో మొదట కనిపించింది. 1985లో యూరప్ డాక్టర్లు, ఇప్పుడు జీపీఏ అంటున్న జబ్బుకూ దానికీ ఉన్న లంకె బయటపెట్టారు. అప్పట్లో ఆ జబ్బును వెగెనర్ జబ్బు అనేవాళ్లు. ఆ వెగెనర్ అనే డాక్టర్ నాజీ పార్టీ మనిషని తెలిశాక 2011లో పేరు మార్చారు. పాత ఫైళ్లలో ఆ పేరు కనిపిస్తే కొత్త జబ్బేదో వచ్చిందని కంగారు పడకండి.

ఈ పరీక్ష రెండు తీర్లు. గాజు పలక మీద కణాలు పరిచి, రోగి సీరం పోసి, ఎక్కడ మెరుస్తోందో మైక్రోస్కోపులో చూడటం పాత పద్ధతి. కేంద్రకం తప్ప మిగతా కణమంతా మెరిస్తే సీ, కేంద్రకం చుట్టూ మెరిస్తే పీ. చూసే కంటిని బట్టి ఇందులో తేడాలొస్తాయి. ఏ ప్రొటీన్ మీద యాంటీబాడీ ఉందో సూటిగా కొలవడం రెండో పద్ధతి, పీఆర్-3, ఎంపీఓ అని రిపోర్టులో ఉంటుంది. జీపీఏ అనుమానం ఉంటే ఈ రెండో పరీక్షే ముందు చేయొచ్చని 2017లో అంతర్జాతీయ నిపుణులు ఒక మాట మీదికి వచ్చారు. మీరు పంపిన రిపోర్టు నకలులో పీఆర్-3 లేదు. అది చేయించండి.

బయాప్సీ గురించి కూడా ఒక నిజం ముందే చెప్తాను. ముక్కు నుంచి తీసిన ముక్కలో చాలాసార్లు 'వాపు ఉంది' అన్నంత వరకే వస్తుంది. అప్పుడు మీకు ఒళ్లు మండుతుంది, నాకు తెలుసు. కానీ అదే ముక్కను టీబీకీ ఫంగస్‌కూ కూడా పరీక్షిస్తారు. అవి లేవని తేలితే ఆ ముక్క వృథా పోలేదు. ఊపిరితిత్తి నుంచో కిడ్నీ నుంచో తీసినది ఎక్కువ మాట్లాడుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఇంకోటి. రెండు పేజీల ఉత్తరంలో మూత్ర పరీక్ష ఊసే లేదు! ఈ జబ్బు కిడ్నీలోకి వెళ్లినప్పుడు నొప్పి ఉండదు. మూత్రంలో ఎర్ర కణాలు, ప్రొటీన్ కనిపిస్తాయి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) ఎక్కుతుంది. అంతే. రేపు పొద్దున్నే మూత్రం, క్రియాటినిన్ రెండూ చేయించండి. క్రియాటినిన్ వారం వారం పెరుగుతున్నా, దగ్గితే రక్తం పడుతున్నా అది ఎమర్జెన్సీ. అప్పుడు బయాప్సీ రిపోర్టు కోసం కూర్చోరు, ఇన్ఫెక్షన్‌కు చేయగలిగిన పరీక్షలు వెంటనే చేసి మందు మొదలుపెడతారు. అవేమీ లేకపోతే వారం పది రోజులు ఆగి తేల్చుకోవడమే మీ అమ్మగారికి మంచిది. బిల్లు సంగతంటారా, అనవసరపు పరీక్షలు రాసేవాళ్లు మా వృత్తిలో లేరని నేను అనను. మీ డాక్టర్ గారు రాసిన రెండూ అవసరమైనవే.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. ఆఫీసు హెల్త్ క్యాంపులో ఎడమ చేతికి బీపీ చూస్తే మెషిన్ రెండుసార్లు ఎర్రర్ చూపించింది, మూడోసారి 84 వచ్చింది. కుడి చేతికి 138. మెషిన్ పాడైందని నవ్వుకున్నాం. కానీ ఆరేడు నెలలుగా జడ వేసుకుంటుంటే, బట్టలు ఆరేస్తుంటే ఎడమ చెయ్యి లాగేసి దించేయాల్సి వస్తోంది. ఒంట్లో వాపు చూపించే రక్త పరీక్ష ఈఎస్ఆర్ నార్మల్. పట్టించుకోవాలా?

జవాబు: పట్టించుకోవాలమ్మా, ఈ వారంలోనే. రెండు చేతులకూ పైఅంకెలో పది దాకా తేడా చాలామందిలో ఉంటుంది. ఇరవై దాటితే కారణం వెతకాలి. మీకు యాభైనాలుగు ఉంది. మెషిన్ పాడైతే రెండు చేతులకూ పాడవ్వాలి కదా!

మీ వయసు ఆడపిల్లల్లో బీపీ తేడా, చెయ్యి లాగడం రెండూ కలిసి కనిపిస్తే మేం మొదట తకయాసు జబ్బు గురించి ఆలోచిస్తాం. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికీ దాని కొమ్మలకూ వాపు వచ్చి దారి సన్నబడుతుంది. మికిటో తకయాసు జపాన్ కంటి డాక్టర్. 1908లో ఒక 21 ఏళ్ల అమ్మాయి కంటి వెనక రక్తనాళాలు విచిత్రంగా అల్లుకుని ఉండటం చూపించాడు. అదే సభలో మరో ఇద్దరు లేచి, మా రోగుల కళ్లూ ఇలాగే ఉన్నాయి, వాళ్లకు మణికట్టు దగ్గర నాడి దొరకడం లేదని చెప్పారు. నాడి దొరకని జబ్బు అన్న పేరు అలా వచ్చింది. పాశ్చాత్యుల కంటే మన ఆసియా వాళ్లలోనే ఎక్కువ. దీని తీవ్రతను కొలిచే ఐటాస్-2010 అనే పద్ధతిని మన దేశపు డాక్టర్లే తయారుచేశారు.

ఈఎస్ఆర్ నార్మల్ అని ఊరుకోవద్దు. నాళం గోడలో నిప్పు రాజుకుంటున్నా రక్త పరీక్షలో పొగ కనిపించకపోవచ్చు. ఈ జబ్బును చూపించేది బొమ్మ. మెడ, చేతి నాళాలకు డాప్లర్ స్కాన్, ఆపైన సీటీ యాంజియో లేదా ఎంఆర్ యాంజియో. 2022 పట్టికలో కూడా 60 ఏళ్లలోపు ఈ జబ్బు కనిపించి, స్కాన్‌లో నాళం వాపు ఆధారం ఉంటేనే మార్కుల లెక్క మొదలవుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. పీజీ చదివే రోజులు, ఒక పెద్ద ఆస్పత్రి. కదిరి దగ్గర పల్లె నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయి తలనొప్పితో వచ్చేది. బీపీ ప్రతిసారీ 110. మైగ్రేన్ అని మాత్రలు రాశాం, ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు చూసింది నేనే. ఒకరోజు వాంతులై చేరితే ఎడమ చేతికి సెలైన్ పెట్టారు. ఆ చెయ్యి ఖాళీ లేక నైట్ డ్యూటీ సిస్టర్ కుడి చేతికి పట్టీ కట్టింది. 196. కంగారుగా నన్ను పిలిస్తే, సరిగా కట్టి ఉండరని ఆవిడ మీదే విసుక్కున్నాను. నేను కట్టినా 196 వచ్చింది. ఎడమ చేతి నాళం మూసుకుపోయి అంత కాలం అబద్ధపు బీపీ చూపించింది, లోపల కిడ్నీ నాళం సన్నబడి అసలు బీపీ ఎక్కడికో పోయింది. ఆ పిల్ల బతికింది, చూపు మాత్రం ఒక కంట తగ్గింది. అప్పటి నుంచి నా గదిలోకి వచ్చిన ప్రతి కొత్త రోగికీ రెండు చేతులకూ పట్టీ పడాల్సిందే, పక్కింటివాళ్లు జలుబుకు వచ్చినా సరే. మా అటెండర్ ఇందుకు నన్ను వెనక ఏదో పేరుతో పిలుస్తాడట, ఇంకా కనిపెట్టలేదు.

మీరు ఇకమీదట బీపీ కుడి చేతికే చూపించుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కాళ్లకు కూడా చూడమనండి.

ప్రశ్న: మా ఏడేళ్ల బాబుకు పిర్రల మీద, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, మోకాలి వాపు, కడుపు నొప్పి. కేఆర్ పురంలో డెంగీ అని రెండుసార్లు ప్లేట్‌లెట్లు చూశారు, రెండుసార్లూ బాగానే ఉన్నాయి. మా అత్తగారు అమ్మవారంటున్నారు.

జవాబు: వేలితో తడిమితే మచ్చలు కాస్త ఉబ్బెత్తుగా తగులుతున్నాయా? గ్లాసుతో నొక్కినా ఎరుపు పోవడం లేదా? అయితే ఇది పిల్లల్లో అన్నిటికంటే తరచుగా చూసే ఐజీఏ వాస్క్యులైటిస్ అయ్యుండొచ్చు. పాత పేరు హెనాక్-షోన్‌లైన్. జలుబో గొంతు నొప్పో వచ్చి తగ్గాక మొదలవుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గకపోవడమే ఇక్కడ మంచి ఆనవాలు. పిల్లల డాక్టర్ చూసి గుర్తుపట్టగలరు, చాలామందికి బయాప్సీ అక్కర్లేదు, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కడుపు నొప్పి విపరీతమైనా, మలంలో రక్తం కనిపించినా అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి వెళ్లండి. మచ్చలు పోయాయని మరిచిపోవద్దు, ఆరు నెలల పాటు మూత్రం, బీపీ చూపిస్తూ ఉండాలి. మీ అత్తగారు వేపాకు పెడితే పెట్టనివ్వండి.

ప్రశ్న: ఏ బాధా లేదు. ఆఫర్ ఉందని ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించాను. అందులో పీ-ఆంకా 'వీక్ పాజిటివ్' వచ్చింది. నెట్ చూశాక నిద్ర లేదు, ఒకటే టెన్షన్. (పురుషుడు, 41, బనశంకరి)

జవాబు: లెక్క కోసం అనుకుందాం. ఏ లక్షణమూ లేని పదివేల మందికి ఈ పరీక్ష చేశాం, నూటికి ఇద్దరికి ఊరికే పాజిటివ్ చూపిస్తుంది. అంటే రెండు వందల మంది మీలాగే నిద్ర లేకుండా ఉంటారు. ఆ పదివేల మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు ఒకరుంటే గొప్ప. రెండు వందల మందిలో ఆ ఒకరు మీరే అనుకోవడానికి కారణమేముంది? కొన్ని థైరాయిడ్ మందులు, బీపీకి ఇచ్చే హైడ్రలజీన్, దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్లు, ఏఎన్ఏ అనే మరో యాంటీబాడీ పాజిటివ్‌గా ఉండటం, వీటిలో ఏదైనా పలక మీద పీ-ఆంకాలా మెరిపించగలదు. ఎంపీఓ, పీఆర్-3, మూత్రం, క్రియాటినిన్ ఒకసారి చూడండి. అవి బాగుంటే ఆ ప్యాకేజీ కాగితం బీరువాలో అడుగున పెట్టేయండి. ఇలాంటి పరీక్షను ప్యాకేజీలో కలపడం నాకు కోపం తెప్పించే పని, ఇంతకంటే రాస్తే ఎడిటర్ గారు కత్తిరిస్తారు.

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. ధర్మవరంలో మగ్గం నేసేవారు. వాస్క్యులైటిస్‌కు బెంగళూరులో చూపిస్తున్నాం. పరిశోధన కోసమని రెండు ట్యూబుల రక్తం, మూత్రం అదనంగా అడిగారు, సంతకం పెట్టమన్నారు. కాగితాలు ఇంగ్లిషులో, కన్నడలో ఉన్నాయి. నాన్నకు తెలుగు తప్ప రాదు. మా మీద ప్రయోగాలు చేస్తారేమోనని భయం.

జవాబు: ముందు ఒకటి అడగండి: ఇందులో నాన్నకు కొత్త మందేదైనా ఇస్తారా, లేక రక్తం, మూత్రం, వివరాలు మాత్రమే తీసుకుంటారా? మీరు రాసినదాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది. అంటే మందు మీద ప్రయోగం కాదు, జబ్బును కనిపెట్టే దారుల మీద వెతుకులాట. ఉదాహరణకు కిడ్నీలో వాస్క్యులైటిస్ రగులుతున్నప్పుడు సీడీ-163 అనే ప్రొటీన్ మూత్రంలోకి ఎక్కువగా దిగుతుందని పరిశోధనల్లో కనిపించింది. అలాంటివి గట్టిపడితే, జబ్బు తిరగబెట్టిందో లేదో తెలుసుకోవడానికి సూది గుచ్చి కిడ్నీ ముక్క తీసే అవసరం కొందరికైనా తప్పొచ్చు. మొదటి ఉత్తరం రాసిన అబ్బాయి వాడిన పట్టిక కూడా ఇలా సంతకాలు పెట్టిన వేల మంది వివరాల్లోంచి వచ్చిందే.

కొత్త మందు ఇస్తామంటే లెక్క వేరు. అప్పుడు మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడగండి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో 2009 నుంచి మందుల ట్రయల్స్ నమోదు తప్పనిసరి, ఎవరైనా నెట్‌లో చూసుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

ఏ రకమైనా అడగాల్సినవి ఉన్నాయి. రక్తం ఎన్నాళ్లు దాస్తారు, బయటికి పంపుతారా, అదనపు పరీక్షల ఖర్చు ఎవరిది, పనికొచ్చేదేమైనా బయటపడితే మాకు చెబుతారా. వద్దన్నా, మధ్యలో మానుకున్నా నాన్న వైద్యంలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. అలా వస్తుందని ఎవరైనా సూచనగా అన్నా సరే, ఆస్పత్రి ఎథిక్స్ కమిటీకి రాయండి. ఆ కమిటీ ఫోన్ నంబరు కాగితంలోనే ఉంటుంది.

భాష సంగతి మొహమాటపడకుండా అడగండి. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం వాళ్ల బాధ్యత. తెలుగు ప్రతిని ఎథిక్స్ కమిటీ చూసి ఆమోదించాలి కాబట్టి కొన్ని రోజులు పట్టొచ్చు. పట్టనివ్వండి, రెండు ట్యూబుల రక్తానికి తొందరేమీ లేదు. కారిడార్‌లో నిలబెట్టి సంతకం చేయించుకుంటామంటే ఇంటికి తీసుకెళ్లి చదువుతామని చెప్పండి. మీరు పక్కన కూర్చుని తర్జుమా చేసి చెప్పడం మంచిదే, కానీ భయం కొద్దీ మీరే కొంత మింగేసి చెప్పే ప్రమాదం ఉంది. నాన్నను నేరుగా డాక్టర్‌ను అడగనివ్వండి. బెంగళూరు ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన నర్సు దొరకని వార్డు నేనింతవరకు చూడలేదు.

అంతా విన్నాక ఆయనకు సమ్మతమైతే, సంతకం తెలుగులో పెట్టినా చెల్లుతుంది.